కంట్లోనే కరిగిన శుక్లం

ఆ ఉదయం బియ్యం ఏరుతున్నాను. ఎండ సరిగ్గా చేటలో పడుతోంది. అయినా రాయేదో గింజేదో తెలియలేదు. సాయంత్రం వెలుగు తగ్గాక చూస్తే బాగానే కనబడ్డాయి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎండలో చూపు తగ్గడమేమిటో అర్థం కాలేదు.

మాది బిలాస్‌పూర్‌లో తార్‌బహార్ అనే పేట. మా ఆయన రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. చలికాలానికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా మసకబారింది. ఆయనా, మా అత్తా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడి బెంగాలీ డాక్టరుగారు చుక్కలు వేసి, దీపం పెట్టి చూశారు. "రెండు కళ్లలోనూ సాఫ్ట్ కేటరాక్ట్, మెత్తటి శుక్లం. ఎండకి కంటిపాప చిన్నదైతే అదే అడ్డం పడుతుంది. సూదితో చెయ్యాలి. నీడ్లింగ్ అంటాం" అన్నారు హిందీలో.

మా ఆయన ఆ మాట తెలుగులో చెప్పగానే అత్త లేచి నిలబడింది. "సూదా? మా నాయిన కన్ను సూదితోనే పోనాది. ఊళ్లంట తిరిగీ వైద్యుడు గుచ్చినాడు. నాలుగ్రోజులు కనబడ్డాది, తర్వాత ఏటీ నేదు. మాకొద్దు బాబూ."

డాక్టరుగారు విసుక్కోలేదు. ఆయన మాటా అత్త మాటా మా ఆయనే అటూ ఇటూ చెప్పారు. "ఆ వైద్యుడు శుక్లాన్ని కంటి అడుగుకి తోసేశాడు. నేను తొయ్యను. ముసలివాళ్ల శుక్లంలో గట్టి గింజ ఉంటుంది, కోసి తియ్యాలి. ఈమెది మెత్తనిది. లాగితే చిదిరిపోతుంది. పైపొర మాత్రం సూదితో చీలుస్తాను. కంట్లోని నీరే దాన్ని కరిగిస్తుంది."

అత్త మళ్లీ కూర్చుంది. "కరిగి ఎటెల్తాది?"

"రక్తంలో కలిసిపోతుంది. వారాలు పడుతుంది. మళ్లీ గుచ్చాల్సి రావచ్చు."

"రోజూ నాను సూడొచ్చా?"

"చూడండి. చూసింది నాకు చెప్పండి."

ఆ మాటకు ఆమె ఒప్పుకుంది.

ముందు కుడి కన్ను చేశారు. కొకైన్ చుక్కలకు కన్ను మొద్దుబారింది. పక్కనుంచి సన్నటి మెరుపుగీత ఒకటి రావడం చూశాను. నొప్పి లేదు, ఎవరో అదిమినట్టుంది. అంతలోనే అయిపోయింది. కొన్నాళ్లకు కట్టు విప్పి, కంటిపాప విప్పారి ఉండేందుకు ఎట్రోపిన్ చుక్కలిచ్చి ఇంటికి పంపారు.

రోజూ పొద్దున్నే అత్త నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి రెప్ప ఎత్తి చూసేది.

"దూదిలాగ విచ్చుకుంటంది. ఓ ముక్క ముందుకొచ్చీసినాది."

"కింద తెలుపు ఏమైనా తేరిందా అత్తా?"

"ఉండు, సూడనీ. ఆవగింజంత నల్లగా అవుపిస్తంది."

నా కంట్లో జరిగేదంతా నాకు ఆమె మాటల్లోనే తెలిసేది. రేపేం చెబుతుందా అని ఎదురుచూసేదాన్ని.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు తెల్లవారేసరికి సగం తల పగిలిపోతోంది. వాంతి అయింది. కాసేపు పడుకుంటే తగ్గుతుందన్నాను. అత్త రెప్ప ఎత్తింది. "నల్లగుడ్డు మీద ఆవిరి పట్టినట్టుంది. లెగు."

టాంగాలో తీసుకెళ్లింది. డాక్టరుగారు మూసిన రెప్పమీద వేళ్లతో నొక్కి చూశారు. "రాయిలా ఉంది. కంట్లో టెన్షన్, అంటే ఒత్తిడి, పెరిగింది. శుక్లం ఉబ్బి, నీరు పోయే దారి మూసుకుంది" అన్నారు. వెంటనే నల్లగుడ్డు అంచున చిన్న కోత పెట్టారు. ఆ అంచును చెంచాలాంటి పనిముట్టుతో మెల్లగా అదిమితే మెత్తబడిన ముక్కలు వాటంతటవే జారి వచ్చాయి. "రేపటిదాకా ఆగి ఉంటే ఈ కన్ను దక్కేది కాదు" అని అత్తతో అన్నారు.

రెండు కళ్లకూ కట్టుతో పడుకున్న రోజుల్లో ఒకటే ఆలోచన, రెండో కన్ను ముట్టుకోనివ్వాలా వద్దా అని. కట్టు విప్పాక తెల్లగోడ నీలంగా కనబడింది. అడిగితే, శుక్లం పోయినవాళ్లు చాలామంది అలాగే చెబుతారన్నారు డాక్టరుగారు. దళసరి కళ్లద్దాలు పెడితే ఆయన మీసంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి. అప్పుడే రెండో కంటికి ఒప్పుకున్నాను. మరుసటి ఏడాది అది రెండు నీడ్లింగులతో ఇబ్బంది లేకుండా కరిగిపోయింది.

ఇప్పుడు దూరానికో జత అద్దాలు, చదవడానికో జత. మా క్వార్టర్ల లైనులో ఎవరికి తెలుగు ఉత్తరం వచ్చినా నేనే చదివిపెడతాను. నీడ్లింగు చేయించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రోజూ ఒకే మనిషికి కన్ను చూపించుకోండి. నొప్పితోపాటు వాంతి వస్తే తలనొప్పి అనుకుని పడుకోకండి, ఆ పూటే వెళ్లండి. నేనైతే ఆ రోజు పడుకునే ఉండిపోయేదాన్ని. అత్త పడుకోనివ్వలేదు.