ఎత్తిన చెయ్యి

ఎంపీ మకోఖా గారి ఒంట్లో అన్నిటికంటే ఎక్కువ కష్టపడేది కుడి చెయ్యి. వెబుయే సంతలో కారు అద్దం దించకుండానే జనానికి ఊగడం, కాల్చిన మేకమాంసంలో మెత్తటి ముక్కను ఏరడం, నైరోబీ సభలో అయ్యగారు కునికిపాట్లు పడుతున్నా టంచనుగా పైకి లేవడం దాని నిత్యకృత్యాలు. సభ్యుల జీతాలు పెంచే బిల్లు వచ్చిన రోజైతే అది అందరికంటే ముందే లేచింది. ఆ సంబరంలో ఆయన కొత్త సూటు కుట్టించుకుని, నెకేస టీ బడ్డీ దగ్గర దర్జాగా దిగి, నూనెలో వేయించిన తీపి మందాజీ అందుకున్నాడు. వచ్చే ఎన్నికల్లో ఆయనమీద నిలబడుతున్న కోళ్ల వ్యాపారి సిమియు ఎదురొచ్చి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నెకేసక్కా, సార్‌కి టీ పొయ్యి, డబ్బులు నేనిస్తా. నా జీతం పెంచారు!"

"నీ జీతం నేనెందుకు పెంచుతానయ్యా?"

"రాజ్యాంగం చూడలేదా సార్? మీరు పెంచింది ఎన్నికలయ్యాకే అమల్లోకొస్తుంది. అప్పటికి ఆ కుర్చీలో నేనుంటాగా!"

బడ్డీ అంతా గొల్లుమంది. మకోఖా గారికి మందాజీ గొంతుకడ్డం పడింది. మర్నాడు పొద్దున్నే ఆయన కొత్త సూటు చేతులు పైకి మడిచి, బడ్డీ వెనకాల కప్పులు కడుగుతూ కనిపించాడు. నెకేస నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆ చేతికి లేవడం ఒక్కటే వచ్చనుకున్నా ఎంపీ గారూ, ఓట్లకోసం వంగడం కూడా వచ్చే! కానివ్వండి, ఆ మసిగిన్నె కూడా ఉంది."