గుగ్గిలం మీది నల్లచుక్కలు

బుజ్జమ్మా, నువ్వు ఇక లేవని ఆసుపత్రిలో నాకు చెప్పిన నర్సుకు నీ వయసే ఉంటుంది. చెప్పేసి వెళ్లిపోకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నీ చెప్పులు ఎక్కడున్నాయని ఆమెను అడిగాను. ఏమడుగుతున్నానో నాకే తెలియలేదు.

చదివేవాళ్లకు చెబుతున్నాను. నా ఒక్కగానొక్క కూతురు పచ్చకామెర్లు ముదిరి చనిపోయింది. మూడు నెలలైంది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. తోచినట్టు రాస్తున్నాను.

అలిపిరి దారిలో ఒక పూజసామాన్ల అంగడికి గుగ్గిలం బాగుచేసి ఇవ్వడం నా పని. చెట్టుకు గాటు పడినచోట కారి గట్టిపడిన జిగురే గుగ్గిలం. గడ్డల మీద ఆవగింజకన్నా చిన్న నల్లచుక్కలు ఉంటాయి. వాటిని కత్తితో గీకాలి, లేకుంటే అంగడాయన వెనక్కి పంపుతాడు. నేను గీకి పారేసిన ఆ మురికినే నా కూతురు పెద్ద చదువుగా చదివింది. అది మురికి కాదట, బూజు జాతట. పురుగు కూడా తాకని జిగురు మీద అది బతుకుతుందని చెప్పేది.

ఒకసారి నెలల తరబడి కొండల్లో తిరిగి తెచ్చిన గడ్డలు చేటలో పెట్టి కాలేజీకి వెళ్లింది. బిడ్డకు పని తగ్గుతుందని నేను కూర్చుని అన్నీ గీకేశాను. సాయంత్రం వచ్చి చేట చూసి, ఒక్కో గడ్డా తీసి వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత, "ఇంత నున్నగా గీకినావే మా. అంగడాయనకే ఇచ్చేస్తే పోలా" అంది. నవ్వింది గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

నేను గీకి మూలకు ఊడ్చిన పొట్టంతా ఇద్దరం కాగితం మీద పరిచి వెతికాం. భూతద్దం నా చేతికిచ్చింది. గుండుసూదిలా కాడా తలా ఉన్నది ఒకటి, చిన్న గిన్నెలా ఉన్నది ఒకటి కనిపించాయి. అక్కచెల్లెళ్లా అని అడిగాను.

"కాదు మా. ఒకే ఇంట్లో బాడుగకుండే వాళ్లు. దీని సొంతవాళ్లు యాడో ఎండుకట్టెల మీద ఉంటారు, దానివాళ్లు ఇంకోసాట. జిగురు మీద బతకడం ఎవురికి వాళ్లు నేర్సుకున్నారు."

"మీ నాయనా వాళ్ల తమ్ముళ్లూ ఒకింట్లోనే ఎవురికి వాళ్లుగా ఉన్నట్ల" అన్నాను. ఆ రోజు అదే తలచుకుని రెండుసార్లు నవ్వింది.

ఏది దేనికి చుట్టమో గోడ మీద కొమ్మలు కొమ్మలుగా గీసుకుంది. ఒక కొమ్మ చివర మాత్రం ఖాళీ. అక్కడ చేరాల్సిన బూజు ఉన్న గడ్డ ఒక్కటే దొరికింది, చిన్న డబ్బాలో పెట్టి పైన తన చేత్తో చీటీ రాసింది. అది తేల్చకముందే పడకేసింది.

దినాలు అయ్యాక, కాలేజీలో చదువు చెప్పిన వాళ్ల మేడం వచ్చి ఆ డబ్బా అడిగింది. పరీక్ష చేస్తే ఆ కొమ్మ పూర్తవుతుంది, పని నీ కూతురి పేరనే ఉంటుంది, అయితే బూజు మిగలదు అంది. ఇవ్వనన్నాను. బీరువాలో బట్టల కింద దాచుకున్నాను. రోజూ తీసి చూసుకుంటుంటే ఒకనాడు భయం పట్టుకుంది, తెలియక ఒకసారి బిడ్డ పని పాడుచేశాను, ఇప్పుడు తెలిసి పాడుచేస్తున్నానేమోనని. నేనే ఫోన్ చేశాను.

మేడం మధ్యాహ్నం దాటాక వచ్చింది. చీటీ మాత్రం నాకు కావాలన్నాను. ఆమె కొత్త కాగితం మీద అవే అక్షరాలు పొల్లుపోకుండా రాసి అంటించి, పాతది నాకిచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలిసింది. నా కూతురూ అంతే, ఆకలైనా చెప్పేది కాదు, ఒళ్లు బాగాలేకున్నా చెప్పలేదు. సంగటి, నంజుకోను చెనక్కాయల ఊరిబిండి పెట్టాను. డబ్బా పక్కన పెట్టమంటే పెట్టలేదు. ఒళ్లో ఎడమచేత్తో పట్టుకుని, తలవంచుకుని మొత్తం తిన్నది.

మీరు కూడా వేళకు కడుపునిండా తినండి.