దొంగ మందారాలు

గేటు బయట కిచ్‌మని కత్తెర చప్పుడైతే, మా వీధిలో ఎవరి మందారానికో ఒక కొమ్మ తగ్గిందని అర్థం. ఆ తర్వాతే టైలరు బాబాయి కనిపించేవాడు. మెడలో టేపు, జేబులో కొమ్మ, ముఖంలో నిద్రపోతున్న పసిపాపంత అమాయకత్వం.

ముద్ద మందారం, రెక్క మందారం, పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి సిగ్గుతో ఎర్రబడేది, ఏది కనబడినా ఆయన చెయ్యి ఆగదు. అడిగితే ఎవరైనా ఇస్తారు. ఆయన అడగడు.

"అడిగి తెచ్చిన కొమ్మ వేరు పట్టదురా!"

ఆపరేషనుకని ఆస్పత్రిలో చేరి, కుట్లు విప్పకముందే అక్కడి పసుపు మందారం కొమ్మతో ఇంటికొచ్చాడు. ఒకసారి ఎవరింటికో వెళ్లి కోటు కొలతలు తీసుకొచ్చాడు. పిన్ని కొలతల పుస్తకం తెరిచి, "ఊఁ, చెప్పండి" అంది.

"జానెడు పొడవు, నాలుగు కణుపులు."

"ఆ మనిషికా?"

మా గేటు పక్కన లేత గులాబి మందారం ఉండేది. అమ్మమ్మ చేత్తో నాటింది. దాన్నీ కత్తిరించాడు. అమ్మ రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక వేసవిలో గోడలకు వేయగా మిగిలిన సున్నపునీళ్లు నేనే తీసుకెళ్లి ఆ చెట్టు మొదట్లో పోశాను. వారంలో మోడైపోయింది. ఈసారి అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. గిన్నెల చప్పుడే భోజనానికి పిలుపు. నర్సరీలన్నీ తిరిగి నాలుగు గులాబి రంగు మందారం మొక్కలు తెచ్చాను. నాలుగింటికీ తల అడ్డంగా ఊపింది.

చివరికి బాబాయి కొట్టు మేడెక్కాను. మేడ నిండా పాత డబ్బాల్లో మందారాలు. ఒక్కోదానికీ ఒక గుడ్డపేలిక, దాని మీద దారంతో కుట్టిన అక్షరాలు. డాక్టరుగారిది. హెడ్మాస్టరుగారిది. మా వీధంతా అక్కడ వేళ్లు తన్ని, గాలికి మెల్లగా ఊగుతోంది.

"ఇన్నెందుకు బాబాయ్?"

"ఎవరింట్లో ఏది ఎప్పుడు చస్తుందో ఎవరికి తెలుసు? డాక్టరుగారిది రెండుసార్లు పోయింది. ఆయన ఊళ్లో లేనప్పుడు వెళ్లి నాటొచ్చా. మళ్లీ చిగురేసిందని మురిసిపోయాడు, పిచ్చి మారాజు."

మండుటెండ తగలని మూలలో లేత గులాబి మందారం మొగ్గ. పేలిక మీద, 'వదినది. జాగ్రత్త.'

"ఒక్క కొమ్మ ఇవ్వవూ?" అన్నాను.

ఆయన నావైపు ఉరిమి చూశాడు. కత్తెర నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అడక్కు, వేరు పట్టదు! నేనేం చూడట్లేదు, కానీయ్. ఏటవాలుగా కొయ్యరా, దొంగవెధవా!"