ఊర్మిళ రాసిన తప్పు అంకె

మనిషి చేసే పని నిజంగా అతని ఇష్టంతో చేసిందేనా, దానికి అతన్ని ఎంతవరకు తప్పుపట్టవచ్చు? పదకొండేళ్లుగా ఊర్మిళ చదువుతున్నది ఈ ఒక్క ప్రశ్నే. తెలంగాణ నుంచి వలసవచ్చి సూరత్‌లో సాంచెలు (మరమగ్గాలు) నడిపే వెంకటయ్య కూతురు తత్వశాస్త్రంలో చేరిందంటే, వాళ్ల గల్లీలో కొందరు అది జాతకాలు చెప్పే చదువనుకున్నారు. పిల్లల పేర్లకు అక్షరం అడగడానికి కూడా వచ్చారు.

ఆ ప్రశ్న ఆమెకు పుస్తకాల్లో దొరికింది కాదు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు, వరసగా రెండు షిఫ్టులు చేసిన తండ్రి నిద్రమత్తులో సాంచె మీట నొక్కాడు. తెగిన దారం అతుకుతున్న తోటి పనివాడి చెయ్యి అందులో నలిగిపోయింది. తప్పు వెంకటయ్యదేనన్నాడు సాంచెల యజమాని సేఠ్. వెంకటయ్య కూడా ఔననే అన్నాడు. రెండో షిఫ్టు చెయ్యమన్నది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. ఊర్మిళ ఇంట్లో అడిగింది. ఎం.ఏ.లోనూ, ఆ తర్వాత పీహెచ్‌డీలోనూ అదే అడుగుతూ పోయింది.

2021 ఏప్రిల్ నాటికి ఆమెకు ముప్పై ఐదేళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. సిద్ధాంత గ్రంథం దాదాపు పూర్తయింది. భయపడుతున్న మనిషి పూర్తిగా స్వతంత్రుడు కాడు, కాబట్టి అతని మీద మోపే నింద కూడా పూర్తిది కాకూడదు అని అందులో నాలుగో అధ్యాయం వాదిస్తుంది. ఆమెకు బాగా ఇష్టమైన అధ్యాయం అది.

అప్పుడే కరోనా రెండోసారి విరుచుకుపడింది. కాలేజీ మూతపడి, పాఠాలు చెప్పేవాళ్లను జ్వరం ఉన్నవాళ్లను గుర్తించే ఇంటింటి సర్వేకు వేశారు. తెలుగు వచ్చని ఊర్మిళకు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పర్వత్ పాటియా వైపు గల్లీలు ఇచ్చారు. ప్రతి తలుపు తట్టేముందు ఆమె ఊపిరి బిగబట్టేది. ఇంట్లో వెంకటయ్యకు షుగరు. తను బయటి గదిలో పడుకుని, కిటికీలోంచి పళ్లెం అందుకునేది. "జర పైలం బిడ్డా" అనేవాడు ఆయన లోపలినుంచి. ఆ మాట వింటే ఆమెకు భయం ఇంకా పెరిగేది.

నాలుగోరోజు మధ్యాహ్నం సోమలింగం అనే ఆయన ఇంటికి వెళ్లింది. ఒకే గది. కిటికీ లేదు. సోమలింగం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జ్వరం నూట ఒకటి దాటింది. వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ తొంభై రెండు.

"ఈయన్ని దవాఖానకు తోల్కపోవాలె పెద్దమ్మా" అంది ఊర్మిళ.

అతని భార్య లింగవ్వ తలుపుకు అడ్డంగా నిలబడింది. "రాయకు బిడ్డా, నీ కాల్మొక్త. మొన్న పక్క గల్లీల ఒకాయన్ను తోల్కపోయిన్రు. మల్ల ఇంటికి రాలె, మొకం సుత సూపియ్యలె."

"రాయకుంటె ఎట్ల? ఇంకా బిమార్ అయితడు."

"ఏం గాదు. మా ఆయన గట్టోడు. నువ్వు రాయకు."

బయట నలుగురైదుగురు మగవాళ్లు పోగయ్యారు. ఎవరో "క్యా హై మేడం?" అని గద్దించారు. ఆ గదిలో గాలి తన మాస్కులోకి వస్తోందని ఊర్మిళకు అనిపించింది. అక్కణ్నుంచి బయటపడితే చాలనుకుంది. కాగితం మీద జ్వరం తొంభై ఎనిమిది అనీ, ఆక్సిజన్ తొంభై ఏడు అనీ రాసింది. లింగవ్వ పక్కకు జరిగింది. ఒక చీటీమీద తన ఫోన్ నంబరు రాసిచ్చి, ఊర్మిళ దాదాపు పరుగున గల్లీ దాటింది.

దయతలిచి అలా రాశానని మొదటిరోజు తనకు తాను చెప్పుకుంది. రెండోరోజుకు ఆ మాట నిలవలేదు. మళ్లీ వెళ్లి చూడాలనుకుంది, వెళ్లలేదు. సర్వేకు వెళ్లేటప్పుడు ఆ గల్లీ తప్పించి చుట్టుదారిన నడిచింది.

మూడోరోజు పొద్దున ఫోన్ మోగింది. "ఊపిరి ఆడ్తలేదు బిడ్డా, జల్ది రా" అంటోంది లింగవ్వ.

అంబులెన్సు కోసం గంటన్నర చూశారు. చివరికి ఆటోలో బయల్దేరారు. మధ్యలో సోమలింగం, చెరోపక్క ఆడవాళ్లిద్దరూ. అతను ముందున్న కడ్డీ పట్టుకుని ఒక్కో ఊపిరీ లాగుతుంటే, ఊర్మిళ మొహం బయటికి తిప్పుకుంది. అతనికోసం భయపడుతున్నదో తనకోసమో ఆమెకే తెలియలేదు. మూడో ఆసుపత్రిలో మంచం దొరికింది. అక్కడ చేరిన ఆరోరోజున సోమలింగం చనిపోయాడు. తను మొదట చూసినరోజే తెచ్చివుంటే బతికేవాడా అని ఊర్మిళ డాక్టర్ని అడిగింది. బతికేవాడేమో, చెప్పలేమన్నాడాయన.

ఊర్మిళ సర్వే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. పన్నెండు రోజులుగా సెలవులేని మనిషాయన. "ఛోడియే మేడం, ఐసా బహుత్ హువా హై" అంటూ, ఇలాంటివి చాలా జరిగాయి వదిలేయండన్నట్టు తర్వాతి కాగితం అందుకున్నాడు. శిక్ష పడుతుందేమోనని భయపడుతూ వెళ్లిన ఊర్మిళకు, ఎవరికీ పట్టదని తెలిశాక భయం మరింత పెరిగింది.

లింగవ్వ అన్నం మానేసిందనీ, "నేనే అడ్డం నిలవడ్డ, నేనే సంపుకున్న" అని తల బాదుకుంటోందనీ గల్లీలో చెప్పారు. భయంతో అడ్డుపడ్డ ఆమెది తప్పు కాదని నాలుగో అధ్యాయం ప్రకారం చెప్పడం తేలిక. అదే మాట తన విషయంలో అనుకోబోతే మాత్రం దొంగసాకులా తోచింది.

మే నెలలో ఒక ఉదయం ఊర్మిళ లింగవ్వ దగ్గరికి వెళ్లింది. గల్లీవాళ్లు కొడతారనీ, కాలేజీకి ఫిర్యాదు చేస్తారనీ దారంతా భయపడింది.

"పెద్దమ్మా, నువ్వు వద్దంటె ఆగినట్టు చేసిన. నీకోసం ఆగలే. నాకు భయమై తప్పు రాసిన."

లింగవ్వ లేచి నిలబడింది. "నేను సదువురానిదాన్ని. నాకు తెల్వక మొక్కిన. నీకు తెల్సుగదనే! తెల్సి ఎట్ల రాసినవ్?" గట్టిగా అరిచింది. చేతికందిన గిన్నె విసిరింది. అది ఊర్మిళ భుజానికి తగిలింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి పట్టుకున్నారు. ఊర్మిళ కదల్లేదు.

ఆ సాయంత్రం లింగవ్వ అన్నం తిన్నదని పక్కింటి ఎల్లవ్వ ఫోన్ చేసి చెప్పింది. "నిన్ను తిట్టుకుంట తిన్నది" అంది.

నాలుగో అధ్యాయం తీసేసి మళ్లీ రాయడానికి ఊర్మిళకు ఏడాది పట్టింది. ఒకరు తప్పు ఒప్పుకుంటే ఇంకొకరి భారం తగ్గుతుందని అందులో రాసింది. 2022 చివర్లో మౌఖిక పరీక్ష జరిగింది. "బాధ్యత పంచుకుంటే తగ్గుతుందని ఎలా నిరూపిస్తారు?" అని అడిగాడు పరీక్షకుడు. నిరూపించలేనని ఒప్పుకుంది. ఆ భాగం సవరించమని చెప్పి పట్టా ఇచ్చారు. ఇప్పుడు అదే కాలేజీలో పూర్తికాలం పాఠాలు చెబుతోంది.

లింగవ్వ ఆమెను మళ్లీ ఇంటికి పిలవలేదు. కూరగాయల బజారులో అప్పుడప్పుడూ ఎదురవుతుంది. ఒక్కోసారి "మీ నాయిన మంచిగున్నడా?" అని అడుగుతుంది. ఒక్కోసారి మొహం తిప్పుకుని పోతుంది. దూరంనుంచి ఆమె కొంగు కనబడగానే, ఈరోజు ఏది జరుగుతుందోనని ఊర్మిళకు భయమేస్తుంది. అయినా పక్క సందులోకి తప్పుకోదు.