రెండువందల యాభైఆరు వరసలు

మొన్న చంద్రగిరి దగ్గరి కాలేజీలో పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురు, అరచేతిలో పట్టే బోర్డు తన మెమరీలో పట్టి దాచిన సంకేతాలను ఒక్క మీట నొక్కి తెర మీద గీతలుగా పరిచి చూపించేసరికి, నా వయసువాళ్లకు మాత్రమే అర్థమయ్యే చిన్న అసూయ ఒకటి కదిలి, మనసు తిన్నగా నగరిలోని మా చిన్నమ్మ మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరును. మరమగ్గం మీద చీర అంచులో పువ్వులు వేయడానికి, తూట్లు పొడిచిన అట్టలకు బదులు పనిచేసే బోర్డు ఒకటి తయారుచేసి, చనువు కొద్దీ మొదటిది చిన్నమ్మ మగ్గానికే బిగించాను. పదిరోజులకొకసారి, ఎందుకో, పువ్వులో ఒక వరస ఎగిరిపోయేది. మా యజమాని బోర్డులో తప్పుండదనీ, నేసే మనిషి చెయ్యే తొందరపడుతోందనీ తేల్చేసి, మగ్గం ఇంకొకరికి అప్పగించమని చిన్నాయనకు కబురు కూడా పెట్టారు. ఇరవై ఏళ్లుగా నేస్తున్న చిన్నమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సంగతి తేలేదాకా కదలకూడదని నేను సెలవు పెట్టి నగరిలో కూర్చున్నాను.

మగ్గం తిరిగిన చుట్లకూ పువ్వు వరసకూ లెక్క తప్పిన క్షణంలో, మగ్గం నుంచి అప్పుడు వచ్చిన సంకేతాలు మెమరీలో రెండువందల యాభైఆరు వరసలుగా నిలిచిపోయేలా బోర్డును మార్చాను. తొమ్మిదో రోజు పొద్దున పువ్వు తప్పింది. మగ్గం ఆపాం గానీ బోర్డును ఆపలేదు. కరెంటు పోతే ఆ వరసలన్నీ చెరిగిపోతాయి, అక్కడ మధ్యాహ్నం రెండింటికి కరెంటు తీసేవారు. కంప్యూటరు లేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్కో వరస ఎనిమిది చిన్న దీపాల్లో కనబడుతుంది, వరసలన్నీ అయితే పచ్చదీపం వెలుగుతుంది. చిన్నమ్మ నొక్కి చెబుతుంటే నేను రాశాను. అట్టల్లో తూట్లు చదివిన కళ్లు కాబట్టి ఎక్కడా తడబడలేదు.

పచ్చదీపం వెలిగాక ఆమె, "అమ్మణ్ణీ, నేను నొక్కింది రెన్నూట నలభై ఒకటే. మిగతా వరసలు యాడికి పోయినాయి?" అంది.

అప్పుడు తెలిసింది. మీట లోపలి రేకు అదిరి, ఒక్క నొక్కుకే కొన్నిచోట్ల రెండు వరసలు దాటిపోతున్నాయి. మళ్లీ మొదలుపెట్టాం. రెండోసారీ లెక్క తగ్గింది. ఒంటిగంట దాటింది.

"సూస్తా కూర్సుంటావేంది? రాయి," అని చిన్నమ్మ నడుం బిగించి, ఒక్కో నొక్కూ గట్టిగా, నిదానంగా అదిమింది. మూడోసారి సరిగ్గా రెండువందల యాభైఆరు.

నూట ముప్పయ్యో వరస దగ్గర తప్పు దొరికింది. పేక, అంటే అడ్డపోగు, ఒకసారి దాటిందని చెప్పే సంకేతం రెప్పపాటులో రెండుసార్లు వచ్చింది. ఆ సంకేతం పంపే మగ్గం మీటలోని రేకూ అలాగే అదిరితే, నా బోర్డు రెండూ లెక్కపెట్టుకుని ఒక వరస దాటేసింది. తప్పు నాదేనని తలవంచుకుని చెప్పాను.

"నా సెయ్యి కాదు గదా, అది సాలు. నువ్వు దిద్దుకుంటావులే," అంది చిన్నమ్మ. పది నిమిషాలకు కరెంటు పోయింది.

మర్నాడు ఆ కాగితాలు ముందు పెడితే యజమాని చివరిదాకా చదివి, ఆ వారమే నగరికి వచ్చి, చిన్నమ్మ ఎదుటే తన మాట వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు తప్పెక్కడుందో యంత్రమే క్షణంలో చెప్పేస్తోంది, మంచిదే. ఒక మనిషి మీద పడిన మాటను తుడిచేయడానికి ఇద్దరు ఒకే బల్ల మీద పూటంతా కూర్చోవలసిన అవసరం ఎవరికీ రావడం లేదు. చిన్నమ్మ పోయి మూడేళ్లవుతోంది. అంత ఓపిగ్గా నా పక్కన కూర్చున్నవాళ్లు మళ్లీ ఎవరూ తటస్థపడలేదు.