తాతకు లేని జబ్బు

నేను నిజం చెప్పినా ఎగతాళి అనుకుంటారు మా ఇంట్లో. పోయిన వారం మా తాత ఎనభై రెండేళ్ల వయసులో చింతకాయలు దులపబోయి చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. ఈ రోజు దినాల ఫ్లెక్సీకి "అనారోగ్యంతో" అని రాయమన్నాడు మా నాయన.

"ఏం అనారోగ్యం నాయనా?" అన్నాను.

"ముసలోన్ని సెట్టెక్కిచ్చినారని ఎమ్మిగనూరంతా మమ్మల్ని ఆడిపోసుకోవల్లా? నీకు అన్నీ ఎగతాళే!"

పక్కనే కూర్చున్న అవ్వ ఊరుకోలేదు. "ఆయప్పకు ఒగనాడన్నా జొరమొచ్చిండెనా? సచ్చినాక రోగిష్టోన్ని సేస్తావేంరా?"

నాయన బయటికి వెళ్లిపోయాడు.

మీ ఇళ్లలోనూ పోయినవాళ్లకు ఇలా కొత్త జబ్బులు అంటిస్తారా, చెప్పండి. నేను మాత్రం "చింతచెట్టు మీద నుంచి పడి" అని రాసి ఫ్లెక్సీ షాపుకు పంపించాను. మార్చను.