మా డాక్టరుగారి ఇరవై గళ్ల కాగితం

మా డాక్టరుగారికి మనిషి కనిపిస్తే చాలు, మార్కులు వేసేస్తారు. జైల్లో మనస్తత్వ నిపుణుడాయన, నేను ఆయన టైపిస్టుని. ఖైదీలో జాలి, పశ్చాత్తాపం బొత్తిగా లేవేమో తేల్చడానికి ఒక కాగితం ఉంది. ఇరవై గళ్లు, గడికి సున్నా నుంచి రెండు దాకా. ఎక్కువొస్తే అంత ప్రమాదకారి అన్నమాట. ముప్పై దాటితే మా జైల్లో విడుదల మాట మరిచిపోవచ్చు. ఖైదీలకు వెయ్యమని ఇస్తే ఈయన ఊరందరికీ వేస్తారు.

సెలూనతనికి 'తియ్యటి మాటలు' గడిలో రెండు వేశారు. "బట్టతల కనపడకుండా కత్తిరిస్తానన్నాడమ్మా. నమ్మాను." నేను తలనొప్పని సెలవడిగితే 'అబద్ధాలు' గడి తెరిచారు. భార్యకు వేసిన కాగితం మీద ఆవిడ కూరగాయలు తరిగారు. వాళ్ల పిల్లికైతే ముప్పై ఎనిమిది.

"పాలన్నీ తాగేసి నా పంచెకే మూతి తుడిచింది. పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు."

"మరి రెండు మార్కులు ఎందుకు తగ్గాయి సార్?"

"'మాటిమాటికీ పెళ్లిళ్లు' అని ఒక గడి ఉందమ్మా. అది చేసుకోలేదుగా."

ఇలాంటి మనిషి చేతికి ఒక వడ్రంగి ఫైలు వచ్చింది. పదకొండేళ్లుగా లోపలున్నాడు, వారంలో విడుదల కమిటీ. అంతకుముందు చూసిన డాక్టరు ముప్పై రెండు వేసి, 'తల్లి మంచాన పడిందని చెబితే నవ్వాడు' అని రాశారు. ఆ అంకె నిలిస్తే తల్లిని ఇక చూడలేడు.

మా డాక్టరుగారు ఎదురుగా కూర్చుని, "మీ అమ్మకు బాగాలేదటయ్యా" అన్నారు.

వడ్రంగి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

డాక్టరుగారు కుర్చీ లాక్కుని అతని ఎడమ పక్కకు చేరి, చెవి దగ్గర అదే మాట అన్నారు. నవ్వు ఆగిపోయింది. "ఎప్పట్నించి సార్? దగ్గర ఎవరున్నారు?" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.

రంపం మిషన్ల మోతకు అతని కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయాయి. చెబితే చులకనవుతానని, ఎవరేమన్నా నవ్వి, తోచిన జవాబు చెప్పేవాడు.

"ఎలా పట్టుకున్నారు సార్?"

"మా మామగారికి 'జాలి లేదు' అని రెండు వేశానమ్మా ఒకసారి. అత్తగారు జారిపడి పిలుస్తుంటే ఆయన పేపరు చూస్తూ నవ్వుతున్నారు. మా ఆవిడ నన్ను నాలుగు దులిపి, ఆయన్ని చెవుల డాక్టరుకి చూపించింది. అందుకే అందరికీ వేస్తుంటాను. బయటివాళ్లకి తప్పు వేస్తే తిట్టి దిద్దుతారు. లోపలివాళ్లు నన్ను తిట్టలేరుగా."

ఎడమ చెవి దగ్గర అన్నీ మళ్లీ అడిగి వేస్తే కొత్త అంకె పదకొండు. కమిటీ ఒప్పుకుంది. గేటు దగ్గర వడ్రంగి దండం పెట్టి వెళ్తుంటే నేను కళ్లొత్తుకున్నాను.

"ఏడుస్తున్నావా అమ్మాయ్?"

"లేద్సార్, దుమ్ము."

ఆయన కాగితం తీసి అబద్ధానికి ఒక మార్కు వేశారు. తర్వాత కళ్లజోడు తీసి తనూ కళ్లు తుడుచుకున్నారు.

"మీకేమైంది సార్?"

"నాది నిజంగా దుమ్మేనమ్మా."

కాగితం లాక్కుని ఆయనకు రెండు వేశాను.